తరువాతి చెయ్యి

మొగలిలంకలో బిడ్డ పుడితే పేరు కన్నా ముందు బిళ్ళ కట్టేవారు. పేరుకి బారసాల దాకా ఆగొచ్చు, గోదావరి అన్నాళ్ళు ఆగుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. పురుటి స్నానం కాగానే వల సేవిక వచ్చి, చింతగింజ కన్నా కాస్త పెద్దదైన బూడిదరంగు బిళ్ళని బిడ్డ మొలతాడుకి కట్టి, గుండె మీద పెట్టి వేలితో నొక్కి పట్టుకునేది. లోపలినుంచి సన్నటి గొంతు "విన్నాను" అనేది. అప్పుడు గానీ ముసలమ్మలు దిష్టి తీసేవారు కాదు.

దాని పేరు పలుకుబిళ్ళ. అలాంటి బిళ్ళలన్నీ కలిసి అల్లుకున్నది చేదోడు వల. విపత్తు రక్షణ మండలి కాగితాల్లో దాన్ని మెష్ నెట్‌వర్క్ అని రాసేవారు గానీ లంకల్లో ఆ మాట ఎవరికీ నోరు తిరగలేదు, చేదోడు అనే అనేవారు.

వెనకటి రోజుల్లో ఫోన్లకి టవర్లే ఆధారం. ఏడాది పొడుగునా పాటలు పాడిన ఫోను, గాలివాన వచ్చిన రోజున, అంటే మనిషికి నిజంగా అవసరం పడ్డ రోజున, మూగనోము పట్టేది. టవరు కూలేది. కూలకపోతే కరెంటు పోయేది, అదీ ఉంటే జనరేటర్లో డీజిలు అయిపోయేది. బిళ్ళకి ఆ బాధ లేదు. మనుషులే దాని టవర్లు. ఇల్లంటుకున్నప్పుడు నూతి దగ్గర్నుంచి గుమ్మం దాకా జనం వరసగా నిలబడి నీళ్ళ బిందె చేతులు మార్చుకుంటారు చూడండి, అలాగ ఒకరి కేకని ఇంకొకరి బిళ్ళ అందుకుని ఆ పక్క బిళ్ళకి అందిస్తుంది. చివరి చెయ్యి ఏటిగట్టు మీదున్న రక్షణ కేంద్రం. అక్కడ పడవలు సిద్ధంగా ఉంటాయి.

బిళ్ళకి తిండి మనిషి ఒంటి వేడి. అదే దాని బలం, బలహీనత కూడా. ఒంటి వేడితో నిండేది కాబట్టి ప్లగ్గులూ వైర్లూ అక్కర్లేదు, నెమ్మదిగా నిండుతుంది కాబట్టి ఒకసారి అరిగిపోతే పూటంతా కాచుకోవాలి. పరాయి పిలుపు మోసినా సొంత పిలుపు పంపినా బిళ్ళకి ఖర్చు ఒకటే. ఎవరి పిలుపు మోస్తోందో ఆ బిళ్ళ పైకి చెప్పేది కూడా. మోసేవాళ్ళకి తాము ఎవరిని మోస్తున్నామో తెలియాలనీ, తెలిస్తే గర్వంగా ఉంటుందనీ, దాన్ని కనిపెట్టిన డాక్టర్ రెహానా పట్టుబట్టి పెట్టిన పద్ధతి అది. ఆవిడ చదువుకున్న మనిషి, మనుషుల మీద నమ్మకం ఎక్కువ.

నాగహారికకి ఆ నమ్మకం లేదు. మనుషుల మీదే కాదు, పొద్దు మీదా లేదు. తెల్లారితే ఏ కబురు వింటానో అని భయం, పొద్దుపోతే ఏ కబురు రాబోతోందో అని భయం. కూతురు తన్విత రేవు నుంచి రావటం కాస్త ఆలస్యమైతే చాలు, పడవ తిరగబడటం, జనం మూగటం, ఎవరో చాప తెమ్మనటం, అన్నీ ఆవిడ కళ్ళ ముందు వరసగా జరిగిపోయేవి. ఆవిడ మనసులో తన్విత ఎన్నిసార్లు చచ్చి బతికిందో లెక్కలేదు. పిల్ల గుమ్మంలోకి రాగానే, బతికొచ్చినందుకు తిట్టేది.

ఆ భయానికి కారణం లేకపోలేదు. బిళ్ళలు రాకముందు, ఆవిడ భర్త అరటితోటలో పాము కరిచి పోయాడు. ఆ పూట గాలికి టవరు పడిపోయి ఉంది, చేతిలో ఫోను ఉండీ లేనట్టే అయింది. ఆ ఒక్క చావు నుంచి తల్లీకూతుళ్ళు చెరో పాఠం నేర్చుకున్నారు. ఎవరి కేకా దారిలో ఆగిపోకూడదని కూతురు వల సేవిక ఉద్యోగంలో చేరింది. నా అన్నవాళ్ళ కేక ఒక్కటీ చెవిన పడితే చాలు, లోకంలో ఇంకెవరి కేకతోనూ పని లేదని తల్లి అనుకుంది.

బిళ్ళ మెడలోకి వచ్చిన కొత్తలో హారిక దాన్ని పూటకోసారి నొక్కేది. చేరావా అని, తిన్నావా అని, గొడుగు పట్టుకెళ్ళావా అని. ఆ పిలుపులన్నీ ఊళ్ళోవాళ్ళ మెడల మీదుగా పోయేవి. తన్వితకి తల కొట్టేసినట్టుండేది.

"అమ్మా, ఇది ప్రాణం మీదికొత్తే నొక్కే బిళ్ళ. నేను అన్నం తిన్నానో లేదో కనుక్కోటానికి కాదు."

"నువ్వు తినకపోతే నాకు ప్రాణం మీదికొచ్చినట్టే."

"మాణిక్యం తాతయ్య రేవులో అందరి ముందూ అడుగుతున్నాడే, మీ అమ్మ ఇయ్యాల ఏం కూరొండిందమ్మా, బిళ్ళ చెప్పలేదేంటీ అని."

"ఆనపకాయ అని చెప్పు. ఆయనకి పడదు, ఊరుకుంటాడు."

అప్పటి నుంచి నొక్కడం తగ్గించింది గానీ ఇంకో భయం పట్టుకుంది. బిళ్ళ అంచున పచ్చగీత ఉంటుంది, నిండుగా ఉంటే చుట్టూ వెలుగుతుంది, అరిగేకొద్దీ చిన్నదవుతుంది. ఎదుటి రెల్లులంకలో ఎవరి గొడ్డు బురదలో దిగబడ్డా, ఎవరికి నొప్పులొచ్చినా, ఈ గీత తరిగేది. రెల్లులంక ఏటి నడిమధ్యన ఉంది. అక్కడినుంచి గట్టుకి ఏ పిలుపు పోవాలన్నా మొగలిలంక మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. "రెల్లులంక, సూరిబాబు గారి పిలుపు, మోస్తున్నాను" అని బిళ్ళ పలికినప్పుడల్లా హారిక గీత వంక చూసుకునేది. రేపు తన్వితకి ఏదైనా అయి, ఆ పిలుపు వచ్చే వేళకి ఈ గీత ఉండకపోతే? సూరిబాబు నిరుడు తమ తోటలో అరటిగెలలు కొట్టుకుపోయాడని ఆవిడకి అనుమానం కూడా ఉంది. గెలలు పోతే పోయాయి, ఇప్పుడు బిళ్ళ కూడా వాడికే అరగాలా?

ఒక రోజు పోపు వేస్తుండగా మెడలో తాడు తెగి, బిళ్ళ పోయి పోపులడబ్బాలో ఆవాల గిన్నెలో పడింది. చెయ్యి ఖాళీ లేక, నూనె చిటపటలాడుతుండగా మూత పెట్టేసింది, తరువాత మరిచిపోయింది. ఆ పూట రెల్లులంకలో పాక అంటుకుని పిలుపుల మీద పిలుపులు వచ్చాయి. సాయంత్రం చూసుకుంటే ఊళ్ళో అందరి బిళ్ళలూ అరిగి దారప్పోగులంత గీతతో ఉన్నాయి. హారిక బిళ్ళ ఒక్కటీ ఆవాల వాసనేస్తూ, చుట్టూ పచ్చగా, నిండు కడవలా ఉంది. స్టీలు డబ్బాలోకి వల తరంగం దూరదు. ఏమీ వినబడకపోతే బిళ్ళ నిద్రపోతుంది, నిద్రపోయినదానికి ఖర్చు లేదు. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, మూత తీసి చూసి తెలుసుకుంది.

ఇలాంటి సంగతి కడుపులో దాగదు. పక్కింటి కాంతిశ్రీకి చెప్పింది. కాంతిశ్రీ ముగ్గురు పిల్లల తల్లి, ఆవిడా భయస్తురాలే. అక్కడినుంచి రేవుకి, రేవు నుంచి ఇంటింటికీ పాకింది. బిళ్ళని పడుకోబెట్టడం అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. పొద్దున్నే స్నానం చేసి కాసేపు ఒంటి మీద ఉంచుకుని, పచ్చగీత నిండగానే పోపులడబ్బాలో పడుకోబెట్టేవారు. ఎవరింటి బిళ్ళ చూసినా ఇంగువ వాసన.

తన్వితకి తెలిసేసరికి కొన్నాళ్ళు పట్టింది. తెలిసిన రోజున డబ్బా తీసుకొచ్చి తల్లి ముందు పెట్టి కూర్చుంది.

"అందరూ మూతలు పెట్టుకుంటే పిలుపు ఎవరందుకుంటారమ్మా?"

"ఊళ్ళో ఇంతమందున్నారు. ఎవరో ఒకరు అందుకుంటార్లే."

"పొద్దుటి నుంచీ ఏ ఇంటికెళ్ళినా ఇదే మాట. ఎవరో ఒకరంట. ఆ ఎవరో ఎవరే?"

"నేను మూత తీసి చూత్తానే ఉంటాను కదే. నీ కోసమే కదా నిండుగా ఉంచుతున్నది. నీకేదైనా అయిన టైముకి అది ఆ సూరిబాబుగాడి కోసం అరిగిపోయుంటే నేను ఏ గోదాట్లో దూకను?"

తన్విత డబ్బా తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది. మండలికి ఈ సంగతి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగధర్మం. చెబితే ముందు తల్లి పేరే చెప్పాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఊరుకుంది. అమ్మ అన్నం పెడుతూ ఎదురుగా కూర్చుంటే ఎవరికి మాత్రం నోరొస్తుంది?

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. ఆ ఏడు గోదావరి పెరిగిన తీరే వేరు, పొద్దుటికి రేవు మెట్లు, అంబలివేళకి రేవులో రావిచెట్టు మొదలు, మధ్యాహ్నానికి వీధి. మొగలిలంకలో అందరివీ మేడలే, వరదకనే కట్టుకున్నవి, సామాన్లు పైకి చేర్చుకుని కూర్చున్నారు. రెల్లులంకలో ఇంకా పాకలున్నాయి. గొడ్లని వదిలి రామని మొండికేసినవాళ్ళని తీసుకురావటానికి తన్విత పడవెక్కింది. హారిక పడవ తాడు పట్టుకుని వదల్లేదు. ఊళ్ళో మగాళ్ళు లేరా అంది, గట్టు మీద పెద్ద పడవలు లేవా అంది, నాకెవరున్నారే అంది. పిల్ల తల్లి వేళ్ళు ఒక్కొక్కటే తాడు మీద నుంచి విడదీసింది. విడదీస్తూ, "బిళ్ళ మెళ్ళో ఏసుకోమ్మా, ఇయ్యాలొక్క రోజు" అంది.

హారిక మెళ్ళో వేసుకోలేదు. అదే రోజున మరీ జాగ్రత్తగా ఉండాలనిపించింది. పోపులడబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఊరికి రెల్లులంక వైపు చివరనున్న తన మేడ మీద కూర్చుని, గుక్క తిప్పుకున్నంతసేపటికోసారి మూత తీసేది.

"రెల్లులంక, సూరిబాబు గారి పిలుపు. ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మోస్తున్నాను" అంది బిళ్ళ. నా పిల్ల కాదు అనుకుని మూత పెట్టేసింది. ఇంకోసారి తీసింది. ఎవరో ముసలమ్మ పేరు చెప్పింది. మూత పెట్టేసింది. మళ్ళీ సూరిబాబే. ప్రతిసారీ పచ్చగీత నిండుగానే ఉంది, చూసుకుని ధైర్యం తెచ్చుకుంది.

పొద్దు వాలుతుండగా మూత తీసేసరికి బిళ్ళ అదే గొంతుతో, హెచ్చూ తగ్గూ లేకుండా చెప్పింది.

"తన్విత గారి పిలుపు. పడవ తిరగబడింది. రెల్లులంక రేవు, చింతచెట్టు మీద ఉన్నారు. మోస్తున్నాను."

హారిక దాన్ని గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడింది. ఇంతకాలం దేని కోసం దాచిందో అది వచ్చింది. బిళ్ళ నిండుగా ఉంది. తల్లి చేతిలో ఉంది.

"తరువాతి చెయ్యి లేదు" అంది బిళ్ళ.

అర్థం కాలేదు. దాన్ని విదిలించింది, చెవి దగ్గర పెట్టుకుంది, పైకెత్తి పట్టుకుంది. తరువాతి చెయ్యి లేదు, తరువాతి చెయ్యి లేదు అని అది చెబుతూనే ఉంది. గట్టు దాకా పోవాలంటే ఊరు దాటాలి. ఊరంతా పోపులడబ్బాల్లో పడుకుని ఉంది. ఆవిడే పడుకోబెట్టింది.

మెట్లు దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇంటింటికీ పోయి తలుపులు బాదింది. బిళ్ళలు తియ్యండే, మా అమ్మాయే, మా అమ్మాయి పిలుత్తుందే అని అరిచింది. మేడల మీది నుంచి తొంగిచూశారు. పాపం, తీశారు, ఎవరూ కాదనలేదు. కానీ డబ్బాలు ఏ అటక మీద పెట్టారో వెతుక్కోవాలి, నిద్రలో ఉన్న బిళ్ళలు లేవాలి, ఒకదాన్నొకటి వెతుక్కుని చేతులు కలపాలి. అవన్నీ అయి, పిలుపు గట్టు చేరి, పెద్ద పడవ రెల్లులంక రేవుకి వెళ్ళేసరికి అక్కడ చింతచెట్టు లేదు.

దిగువన ఇసకతిప్ప మీద తన్విత దొరికింది. మెళ్ళో బిళ్ళ ఉంది. ఒంటి వేడి లేదు కాబట్టి అందులో పచ్చగీత కూడా లేదు.

నీళ్ళు తీశాక డాక్టర్ రెహానా వచ్చింది. తెల్లజుట్టు, పొట్టి మనిషి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. బిళ్ళలన్నీ చూసింది. అంత వరదలో ఒక్కటీ అరగలేదు. ఏమైందని అడిగితే ఏమోనండి అన్నారు, వానకి పాడైపోయుంటాయండి అన్నారు. ఆవిడ ఒక బిళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మరో ఇంట్లో బిళ్ళని కూడా అలాగే చూసి, అరుగు మీద కూలబడింది. ఎవరూ నోరు విప్పకపోతే హారిక ముందుకొచ్చి అంతా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఊరుకోబెడతారు, అది కూడా ఆవిడకి అక్కర్లేకపోయింది.

రెహానా కోప్పడలేదు. "సూరిబాబు గారి మొదటి పిలుపు గట్టుకి చేరి ఉంటే" అని మొదలుపెట్టి ఆపేసింది. పెద్ద పడవ మధ్యాహ్నమే బయల్దేరేది అన్న సంగతి ఆవిడ చెప్పకపోయినా హారికకి తెలిసింది. పిలుపు విని మూడుసార్లు మూత పెట్టింది. అన్నిసార్లూ తన కూతురి మీదే పెట్టింది.

"మీరు ఏమైతే మూత పెట్టకుండా ఉండేవారు?" అని అడిగింది రెహానా. తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"పేరు చెప్పకుండా ఉంటే పెట్టకపోదునండి" అంది హారిక. "మా పిల్లేమో అనుకుని మోసేదాన్ని. పేరు చెప్పింది కాబట్టి కాదని తెలిసింది."

ఆ మాట రెహానా తనతో పట్టుకెళ్ళిపోయింది.

మరుసటి ఏడు కొత్త బిళ్ళలు వచ్చాయి. రెహానాతో పాటు ప్రణీత్ అనే కుర్ర ఇంజనీరు కూడా వచ్చాడు. కొత్త బిళ్ళ మోసేవాళ్ళకి ఎవరి పిలుపో చెప్పదు, ఎక్కడినుంచో చెప్పదు, అవి గట్టు మీది కేంద్రానికే తెలుస్తాయి. కట్టేముందు ఒక్కొక్కరినీ ఒక్క ప్రశ్న అడుగుతారు: ఎవరికేమవుతుందని మీకు ఎక్కువ భయం? ఆ చెప్పిన మనిషిని బిళ్ళ గుర్తుపెట్టుకుంటుంది. పిలుపు ఎవరిదైనా సరే, "ఒక పిలుపు వచ్చింది, మీ అబ్బాయిది కావచ్చు" అంటుంది. మాణిక్యం తాతయ్య తన గేదె పేరు చెప్పాడు. మనిషి పేరు చెప్పాలి తాతగారూ అంటే చాలాసేపు ఆలోచించి, సరే మా ఆవిడ పేరు రాయండి అన్నాడు. పక్కనే నిలబడ్డ ముసలామె అంతసేపు ఆలోచించాలా అని ఆ పూటంతా మాట్లాడలేదు.

హారిక తన వంతు కోసం కూర్చుని ఉంది. బల్ల వెనకాల వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవటం వినబడుతూనే ఉంది.

"మేడమ్, ఇది అబద్ధం కదా."

"అబద్ధం ఎలా అవుతుంది? కావచ్చు అంటున్నాం. ఏ పిలుపైనా ఎవరో ఒకరి బిడ్డదే కదా."

"మనం చేదోడు అని పేరు పెట్టాం. ఇప్పుడు జనాన్ని భయపెట్టి మోయిస్తున్నాం."

"మంచితనం మీద నడుస్తుందనుకుని ఒకసారి కట్టాను ప్రణీత్. ఎవరు మునిగిపోయారో చూశావుగా. భయం అయితే అందరి దగ్గరా ఉంటుంది, అరగదు కూడా."

హారిక వంతు వచ్చింది. ఎవరికేమవుతుందని మీకు ఎక్కువ భయం అని ప్రణీత్ అలవాటుగా అడిగేశాడు, అడిగాక నాలిక కరుచుకున్నాడు. ఆవిడ మామూలుగానే "తన్విత" అంది. అతను రెహానా వంక చూశాడు. ఆవిడ తల తిప్పుకుని, "రాయి" అంది.

కొత్త బిళ్ళ పని చేసింది. మహా బాగా చేసింది. పోపులడబ్బాల్లో మళ్ళీ ఆవాలే మిగిలాయి. స్నానానికెళ్ళినా మెళ్ళోంచి తీసేవారు కాదు. రెల్లులంకలో ఎవరికి కాలు బెణికినా ఇక్కడ ఇరవై ఇళ్ళలో తల్లులు గుండెలు పట్టుకుని వీధిలోకొచ్చేవారు, పిల్లల్ని పేరుపేరునా పిలుచుకునేవారు, పలికితే తిట్టేవారు. ఊరు ఊరంతా హారికలైపోయింది. మండలి వారు వచ్చి సభ పెట్టి, మొగలిలంక మానవత్వానికి చిరునామా అని శాలువాలు కప్పారు. కాంతిశ్రీకి కూడా ఒకటి దక్కింది. హారిక సభకి వెళ్ళలేదు.

మళ్ళీ శ్రావణం, మళ్ళీ ఎర్రనీరు. ఈసారి భయం నేర్పిన బుద్ధి అందరికీ ఉంది. నీళ్ళు రేవు మెట్లెక్కక ముందే ఎక్కడెక్కడి వాళ్ళనీ ఇళ్ళకి రప్పించుకున్నారు. కాలేజీలో ఉన్నవాళ్ళు వచ్చారు, అత్తారింట్లో ఉన్న కూతుళ్ళని అల్లుళ్ళతో సహా తెచ్చుకున్నారు. కాంతిశ్రీ మేడ మీద పిల్లల్ని ముగ్గురినీ ముట్టుకుని చూసుకుంది. పక్క మేడ మీద వాళ్ళూ అంతే, ఆ పక్కనా అంతే. అందరూ ఉన్నారా, ఉన్నారు, అనే మాట మేడ నుంచి మేడకి పాకింది.

అందరూ ఒళ్ళోనే ఉన్నాక బిళ్ళ "మీ అబ్బాయిది కావచ్చు" అంటే ఎవరికి భయం? ఆ అబ్బాయి ఎదురుగా కూర్చుని పకోడీలు తింటున్నాడు. నీళ్ళు ఎన్నాళ్ళుంటాయో ఏమో, గీత దాచుకుంటే మంచిది. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదు, ఎవరికి వారికే తోచింది. ఇంటింటా మూతలు పడ్డాయి.

హారిక మేడ మీద ఒక్కతే ఉంది.

"ఒక పిలుపు వచ్చింది. మీ అమ్మాయిది కావచ్చు. మోస్తున్నాను" అంది బిళ్ళ. తరువాత, "తరువాతి చెయ్యి లేదు."

ఆవిడకి తెలుసు. చాప మీద పడుకోబెట్టి, ఇసక కడిగి, జుట్టు దువ్వింది తనే. తెలిసీ లేచింది. ఇంటింటికీ పోయి తలుపులు బాదలేదు ఈసారి. తలుపులు బాదితే ఎంతసేపు పడుతుందో తెలుసు. పిలుపు మోస్తున్న బిళ్ళని తాడుతో సహా తీసి గుప్పిట్లో పెట్టుకుని, మెట్లు దిగి, ఏటిగట్టు వైపు రేవుకి నడిచింది. నీళ్ళు మోకాళ్ళు దాటి తొడల దాకా ఉన్నాయి, ప్రహరీ గోడలు పట్టుకుంటూ పోయింది. ఊరి ఆ చివరికొచ్చాక చెయ్యి పైకెత్తింది. పాయకవతల గట్టు మీద దీపాలు కనిపిస్తున్నాయి.

"చేరింది" అంది బిళ్ళ.

ఆ వెంటనే అందులోంచి మనిషి గొంతు వచ్చింది. రెహానా, గట్టు మీది కేంద్రం నుంచి.

"హారిక గారేనా? పడవ బయల్దేరింది. మొగలిలంక నుంచి మీ ఒక్క బిళ్ళే పలుకుతోంది. మిగతావాళ్ళకి ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదండి. అందరి పిల్లలూ ఇంట్లోనే ఉన్నారు. అందుకే ఎవరూ పలకట్లేదు."

అవతల వాన చప్పుడే వినబడింది.

"మీరు పైకి వెళ్ళిపోండి" అంది రెహానా చివరికి. "ఇంక మీరు..."

పిలుపు అందుకోవాలంటే రెల్లులంక వైపు చివరికి పోవాలి, అందించాలంటే గట్టు వైపు చివరికి రావాలి. హారిక వెనక్కి తిరిగింది. రెల్లులంక వైపుకి పోయి నిలబడింది, బిళ్ళ పలికాక దాన్ని పట్టుకుని ఈ చివరికి వచ్చింది, మళ్ళీ అటు పోయింది. వీధి మలుపులో కాంతిశ్రీ మేడ మీది నుంచి చూసి, ఏవమ్మా వదినా, నీకెవరున్నారని ఆ నీళ్ళల్లో తిరుగుతున్నావు, పైకి రా, టీ పెడతాను అని జాలిగా పిలిచింది. హారిక తలెత్తలేదు. పిచ్చెక్కిపోయింది పాపం అని కాంతిశ్రీ లోపలికి వెళ్ళి పిల్లల్ని ఇంకోసారి ముట్టుకుని చూసుకుంది.

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. రెల్లులంక అసలు కనిపించటం లేదు, వాన తెరలా దిగింది. గీత సగానికి పడిపోయింది. బిళ్ళని జాకెట్లో, గుండె మీద, కాస్త వేడి తగిలే చోట దోపుకుంది.

"ఒక పిలుపు వచ్చింది" అంది బిళ్ళ. "మీ అమ్మాయిది కావచ్చు."

"అయ్యుంటుందిలే" అంది హారిక. "పద."